ఓబులేసు నెత్తిన మా ఇంటి దారం

మొదటి రోజు

ఇది రాయకూడదనే అనుకున్నాను. కిందటి నెల మోతగదిలో అరవై దాటినవాళ్ళందరికీ నాడి చూశారు. అక్కడ పనిచేసే రజియా నా మణికట్టు పట్టుకుని, "తాతా, ఇంతగా ఎగిరెగిరి కొట్టుకుంటాందేంది? మనసులో ఏముంటే అది రోజూ నాలుగు ముక్కలు రాయి. ఎవురికీ చూపియ్యాల్సిన పనిలేదు" అని ఈ పుస్తకం చేతిలో పెట్టింది. నేను చెప్పే మనిషినే గాని రాసే మనిషిని కాను. చెప్తుంటే ఎదుటివాడు తలాడిస్తాడు. కాగితం తలాడించదు. అందుకని పుస్తకాన్ని మంచం కోడు కింద పెట్టాను. మంచం ఊగడం మానేసింది. అంతవరకు పుస్తకం పనికొచ్చినట్టే.

ఇవాళ దాన్ని బయటికి లాగాను. మంచం మళ్ళీ ఊగుతోంది.

సంగతేమిటంటే, పొద్దున తెల్లదీపాలు వెలిగాక నీళ్ళ వరసలో నిలబడ్డాను. నా ముందు ఓబులేసు. పుట్టగొడుగుల మడులు చూసుకునే మనిషి. డెబ్భై ఏళ్ళుంటాయి, భార్య లేదు, మాటలు అంతకంటే లేవు. నెత్తిన చుట్టకుదురు ఉంది. అంటే ఎవరి బరువో మోస్తున్నాడన్నమాట. మంచిదే అనుకున్నాను. అప్పుడు దానికి చుట్టిన దారం చూశాను. పసుపు మీద ఆకుపచ్చ, మూడు చుట్లు.

అది మా ఇంటి దారం. ఇక్కడ ఇంటింటికీ వేరే రంగులు. మావి ఎంచింది నేను.

మా ఇంట్లో ఉండేది ఇద్దరం, నేనూ నా భార్య చౌడమ్మా. నా బరువు నేను ఎవరికీ ఇవ్వలేదు.

"ఎప్పుడు పెట్టుకుంటివి ఓబులేసూ?"

"పొద్దున."

"ఎవురిచ్చిరి?"

బిందె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. "అడగకూడదు కదన్నా" అని వెళ్ళిపోయాడు. వాడు నాతో ఒక్కసారిగా మూడు మాటలు అనడం ఈ పదేళ్ళలో ఇదే మొదలు.

కోపం. రజియా చెప్పినట్టు రాశాను.

రెండో రోజు

ఎవరికీ చూపించకపోయినా, ఎవరో ఒకరు చదువుతున్నారనుకుంటే తప్ప నాకు చెయ్యి సాగదు. ఆ చదివేవాడు పైన ఎండలో మాడకుండా మిగిలినవాడని అనుకుందాం. వాడికి మా అడుగుపేట తెలియదు కాబట్టి చెప్తాను.

పూర్వం ఆడవాళ్ళు నీళ్ళకుండ కింద నెత్తిన పెట్టుకున్న గుడ్డచుట్టే చుట్టకుదురు. మా దగ్గర అది బూడిదరంగు సన్నతీగతో అల్లిన చుట్ట. మనసులో బరువున్న మనిషి దాన్ని అరగంట తలకు పెట్టుకుని తీస్తే, మోసే మనిషి తొమ్మిది రోజులు పెట్టుకుంటాడు. మాటలు రావు, బొమ్మలు కనపడవు. బరువొక్కటే దిగుతుంది. పదోరోజున అది కొంత అరిగి సొంతదారుకు తిరిగి పోతుంది. నలభై నిలువుల లోతు నాపరాయి గనిలో మూడువేలమంది ఒకే గాలి పీలుస్తూ బతకాలంటే ఇలాంటి ఏర్పాటు లేకపోతే కుదరదు. ఆ గాలి తెచ్చే గొట్టాలకు నలభై ఏళ్ళు మేస్త్రీని నేనే. అది వేరే కథ.

ఈ చుట్టలు ఇచ్చిపుచ్చుకునే మోతగది గోడమీద మూడు కట్టుబాట్లు ఉన్నాయి. ఏం బరువని అడగకూడదు. తొమ్మిది రోజులు దాటకూడదు. బరువుకు కారణమైన మనిషి మోయకూడదు. ఆ అక్షరాలు రాసింది కూడా నేనే, ముప్పై ఏళ్ళ కిందట. మూడో వరసకు వచ్చేసరికి ఎర్రరంగు అయిపోతే, గాలిమర ఇరుసుకు పూసే తుప్పురంగు తెచ్చి కలిపాను. ఇప్పుడు ఆ వరసకు అడ్డంగా బీరువా పెట్టారు, కళ అంటే గౌరవం లేని జనం. ఆ మూడో కట్టుబాటు ఊరికే పెట్టింది కాదు. ఒక అత్త, కోడలి బరువు తానే మోస్తానని మొండికేసి చుట్ట పెట్టుకుంది. ఆ బరువుకు కారణం అత్తే. గంటలోపల మొత్తం తిరిగొచ్చి కోడలి మీద పడింది, ఆ పిల్ల నెల్లాళ్ళు మంచం దిగలేదు. ఒకసారి అలా తిరిగొచ్చిన బరువు మళ్ళీ ఏ చుట్టకూ ఎక్కదు. కొంతమందికి తమ సంగతి తమకు తెలియదు, ఏం చేస్తాం.

నేను ముప్పై ఒక్కమంది బరువు మోశాను. అడుగుపేటలో నన్ను మించినవాడు లేడు. మేకపిల్ల పోయిన ముసలామె దుఃఖం నా చంకలో కూర్చుంది. పెళ్ళి తప్పిపోయిన ఒకడి సిగ్గు చెవుల్లో. చావు దుఃఖం ఎవరిదైనా సరే మోకాళ్ళ వెనక కూర్చుంటుంది, తడుముకోకుండా చెప్పగలను.

చౌడమ్మది చావు దుఃఖమే. ఆరు నెలల కిందట పైగనిలో వాళ్ళక్క సుంకులమ్మ పోయింది. కబురొచ్చిన రోజు ఇంటినిండా జనం, ఏడుపులు. నేనే సర్దాను. చిన్నప్పుడు సుంకులమ్మ ఊరగాయ జాడీ పగలగొట్టి, నూనె కాళ్ళతో ఇల్లంతా జారుతూ తిరిగిన కథ చెప్పాను. నలభై ఏళ్ళుగా చెప్తున్నదే, ఆ రోజు మరీ బాగా కుదిరింది. ఏడ్చేవాళ్ళు కూడా నవ్వారు. చౌడమ్మ మధ్యలో ఏదో అనబోయింది గాని, అప్పుడే నేను జారుడు దగ్గరికి వచ్చాను.

అట్లాంటి మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఓబులేసుకు ఇచ్చింది.

పొద్దున ఆమె జొన్నరొట్టె తడుతూ కూనిరాగం తీస్తోంది. ఆరు నెలల తర్వాత తీసిన మొదటి రాగం.

"ఓబులేసు నెత్తిన మన దారముండాది" అన్నాను.

"ఊఁ, ఉండాది."

"నేను చచ్చినానా?"

"రొట్టె తిను, సల్లారిపోతాది."

"ముప్పై ఒక్కమందిని మోసినోణ్ణే! వానికి మోసేది ఏం తెలుసు? పుట్టగొడుగులు తప్ప వానికి ఏం తెలుసు?"

"అంతమందిని మోసి అలిసింటావు లేయ్యా" అని నవ్వింది. ఆమె తేలిగ్గా నవ్వింది. ఆ తేలిక ఓబులేసు ఇచ్చింది. రొట్టె సగంలో వదిలి లేచాను.

మూడో రోజు

మోతకూడు సంగతి చెప్పాలి. మోసే మనిషికి మూడో రోజు నుంచి మధ్యాహ్నం కూడు బరువిచ్చిన ఇంటినుంచే పోవాలి. ఇచ్చిన మనిషి తీసుకుపోకూడదు, ఇంట్లో ఇంకొకరు పోవాలి. మా ఇంట్లో ఇంకొకరంటే నేనే.

ఇవాళ క్యారియర్లో ఓళిగలు, అవే బొబ్బట్లు. నాలుగు. నాలుగు నెలల బెల్లం దాచి ఉంచింది, అదంతా పెట్టి చేసింది. నాకు ఓళిగలు చేసి రెండేళ్ళయింది. అడిగితే "బెల్లం యాడిది?" అనేది.

మడుల గది మా ఇంటికి ఏడు మలుపుల దూరం. అయిదో మలుపు దగ్గర క్యారియర్ మూత వదులైంది. నేనేం చేయలేదు, కొంచెం సాయం చేశాను అంతే. ఒక ఓళిగ తిన్నాను. బాగుంది. బాగున్నందుకు మరింత మండింది.

ఓబులేసు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పక్కనే పోతున్న ఒకామె, "ఎంత బాగా మోస్తాండాడో చూడు పాపం" అంది. నేను గుమ్మంలో నిలబడి, మోసేటప్పుడు మెడ ఎట్లా పెట్టాలో, ఊపిరి ఎట్లా తీయాలో, మేకపిల్ల దుఃఖం నేనెట్లా మోశానో విడమరిచి చెప్పాను. ఓబులేసు గొంతు పట్టుకుని కూర్చుని విన్నాడు. అంతా అయ్యాక క్యారియర్ తెరిచాడు. మూడు ఓళిగలు చూశాడు. నన్ను చూశాడు.

"మూతి తుడుచుకో అన్నా" అన్నాడు.

నాలుగో రోజు

రాయడానికేం లేదు. ఆమె రెండుసార్లు నవ్వింది. ఒకసారి గోడ చూసి.

అయిదో రోజు

రజియా దగ్గరికి పోయాను. రుబాబుగా కాదు, మర్యాదగానే అడిగాను.

"మోసే మనిషిని మార్చల్ల."

"అది ఇచ్చినోళ్ళ ఇష్టం తాతా."

"ఓబులేసు కళ్ళు ఎర్రగైనాయి. వానికి తట్టుకునే శక్తి లేదు. నేను పెట్టుకుంటా. నా భార్య బరువు నాది కాదా?"

రజియా చేస్తున్న పని ఆపింది. "తాతా, ఆ గోడమీద రాసింది నువ్వే కదా?" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ కాలపు పిల్లలకు ఆ సంగతి తెలుసనుకోలేదు. ఎర్రరంగు ఎట్లా అయిపోయిందో, తుప్పురంగు డబ్బా కోసం మూడో గాలిగొట్టంలో ఎట్లా పాకానో, అందులో గబ్బిలం ఎట్లా ఎదురొచ్చిందో మొత్తం చెప్పాను. ఆమె బీరువా వైపు రెండుమూడుసార్లు చెయ్యి చూపబోయింది. నేను గబ్బిలం దగ్గర ఉన్నాను. చివరికి "సరే తాతా" అని నిట్టూర్చి పనిలో పడింది.

మంచి పిల్ల. కాని పని కాలేదు.

అసూయ అనే మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. కోపమంటే మగతనం, అసూయంటే చిన్నతనం అని ఎవరు నేర్పారో నాకు. డెబ్భై నాలుగేళ్ళ మనిషిని, పెళ్ళాం ఇంకొకడికి ముద్దిచ్చినా ఇంత మండేది కాదేమో. ముద్దయితే మాకిద్దరికీ వయసు మీరిపోయిందని సరిపెట్టుకోవచ్చు. ఏడుపుకు వయసేముంది? నా పక్కన యాభై ఏళ్ళు పడుకున్న మనిషి, ఏడవాల్సి వచ్చేసరికి ఏడు మలుపులు దాటి వెళ్ళింది.

సరే. అసూయ. రాశాను.

ఆరో రోజు

మడుల గదిలో ఎప్పుడూ ఆవిరి. తీగకు చెమ్మ పడదు. అందుకని ఓబులేసు లోపలికి పోయేటప్పుడు చుట్టకుదురు తీసి గుమ్మం బయట కొయ్యకు తగిలిస్తాడు. ఆ సంగతి నాకు మూడో రోజే తెలుసు.

ఇవాళ క్యారియర్ తీసుకుని కావాలని ముందుగా పోయాను. లోపల నీళ్ళు చల్లుతున్న చప్పుడు. కొయ్యకు మా దారం వేలాడుతోంది. నా ఇంటి వస్తువును నేను చూసుకుంటే తప్పేమిటనుకున్నాను. క్యారియర్ కింద పెట్టి, చుట్ట తీసి నెత్తిన పెట్టుకున్నాను. మోకాళ్ళ వెనక బరువు కోసం కాళ్ళు కూడదీసుకుని నిలబడ్డాను.

మోకాళ్ళకు ఏమీ రాలేదు.

గొంతులోకి వచ్చింది. నోటినిండా ముద్ద పెట్టుకుని మింగలేక, ఉమ్మలేక ఉన్నట్టు. నా పెదవులు వాటంతట అవే తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, మళ్ళీ తెరుచుకున్నాయి. ఏదో చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, కాని ఎవరో మాట్లాడుతున్నారు. ఆ గొంతు వినపడదు. అది అయిపోవాలని చూసే చూపు మాత్రం ఉంది. అయిపోతుంది, ఇదిగో అయిపోతుంది, అప్పుడు చెప్తాను. అది అవదు. మధ్యలో అడ్డం పోవడానికి మనసు రాదు, ఎందుకంటే మాట్లాడే మనిషి సంతోషంగా ఉన్నాడు, నలుగురూ నవ్వుతున్నారు. ఆ మనిషి మీద ఇష్టం కూడా ఉంది అందులో. ఆ ఇష్టం తగిలినప్పుడు గుమ్మం పక్క కొయ్య పట్టుకున్నాను.

ఆ మాట్లాడే మనిషి ఎవరో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఓబులేసు నీళ్ళడబ్బాతో బయటికి వచ్చాడు. డబ్బా కింద పడేశాడు.

"తియ్యన్నా! తియ్యి ముందు! అది నువ్వు మోసేది కాదు!"

తీశాను. తీగ అప్పటికే చల్లబడింది. అంటే ఖాళీ అయిపోయింది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"వదిన ఏం చెప్పలేదు. నువ్వు రోజూ కూడు తెచ్చి ఈ గుమ్మంలో నిలబడి మాట్లాడతాంటే ఇది నా గొంతులో బిగుసుకుంటాంది. తెలీకుండా యాడికి పోతాదన్నా?"

ఏడు మలుపులూ ఈ మోకాళ్ళతో ఎట్లా పోయానో తెలియదు. ఇంట్లో పొయ్యి మీద రొట్టె నల్లగా మాడుతోంది. చౌడమ్మ నేలమీద గోడకు ఆనుకుని, గొంతు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసింది. నా నెత్తిన చుట్ట అచ్చు చూసింది. నోరు తెరిచి, మూసుకుంది.

ఏడో రోజు

చౌడమ్మ మంచం దిగలేదు, తినలేదు. ఆరు రోజులు దిగిన బరువు మొత్తం ఒక్కసారే తిరిగొచ్చింది. అత్త కథ గుర్తుందా? కొంతమందికి తమ సంగతి తమకు తెలియదని రాశాను కదా. ఆ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

రజియా ఇంటికొచ్చి చూసింది. నన్ను బయటికి పిలిచింది.

"గోడమీద రాసింది నీ చెయ్యే కద తాతా!"

"బీరువా అడ్డముండాది" అన్నాను.

అనగానే సిగ్గుపడ్డాను. ఆ పిల్ల లోపల మంచం వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఇంక ఏ చుట్టకూ ఎక్కదు. అవ్వ ఎల్లుండికి కూడా తినకపోతే ఆ కోడలి పిల్లకు పెట్టినట్ల సూదిగొట్టం పెట్టల్ల. ఈ వయసులో తట్టుకుంటాదో లేదో నేను చెప్పలేను."

"మరి ఇప్పుడేం చేయల్ల?"

"చుట్టలు రానప్పుడు ఏం చేస్తాండిరో అదే. ఒకరు చెప్పల్ల, ఇంకొకరు వినల్ల." నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగింది. "నువ్వు రెండోది, తాతా."

ఎనిమిదో రోజు

పొద్దున ఆమె మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. దగ్గుకని దాచుకున్న కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకున్నాను. నోట్లో ఏదో ఒకటి ఉంటే నాలుక కదలదని. ఆమె గోడవైపు తిరిగి ఉంది.

"చెప్పు చౌడమ్మా" అన్నాను. ఇంకేం అనలేదు.

చాలాసేపటికి, "నువ్వే చెప్తావులే" అంది.

ఊరుకున్నాను. గాలిగొట్టం ఈల వేస్తోంది, కీలు వదులైనట్టుంది. ఆ కీలు బిగించిన కథ ఒకటి గొంతు దాకా వచ్చింది. కరక్కాయ కొరికాను. చేదు, వగరు.

"ఆ జాడీ పగలగొట్టింది అక్క కాదు" అంది చౌడమ్మ.

ఆగింది. నేను ఎక్కడ అందుకుంటానోనని ఆగింది. ఆమె ఆగే తీరు చూస్తే, నలభై ఏళ్ళుగా సరిగ్గా ఇక్కడే ఆగుతోందని తెలిసింది. నేను అందుకోలేదు. ఆమె నెమ్మదిగా నావైపు తిరిగింది.

"నేను పగలగొట్టినా. నాకు తొమ్మిదేండ్లు. అమ్మ చేతిలో కట్టె ఉండాది. అక్క నన్ను గాదె ఎనక్కి తోసి, పోయి ఆ నూనెలో నిలబడింది. అమ్మ నమ్మల్ల కదా. ఆ కాళ్ళతోనే ఇల్లంతా తిరిగింది, అచ్చులు కనపడల్లని. జారి పడింది కూడా. అందరూ నవ్వేది ఆడనే." కాసేపు ఊపిరి తీసుకుంది. "దెబ్బలన్నీ అది తినింది. అది చచ్చిపోయిన దినమన్నా నలుగురిలో చెప్పి, దానికి దండం పెట్టల్లనుకుంటి. నువ్వు మొదలుపెట్టినావు. అందరూ నవ్విరి. నేనూ నవ్వినా. నవ్వినా చూడు, అదే మింగుడు పడలా."

అప్పుడు ఏడ్చింది. నేను ఓదార్చడానికి మూడు కథలు తయారుగా ఉన్నాయి, మూడూ మంచివే. మూడింటినీ మింగాను. ఆమె సుంకులమ్మ గురించి ఇంకా చాలా చెప్పింది. నాకు తెలియని సుంకులమ్మ. తెల్లదీపాలు పోయి పసుపుదీపాలు వెలిగే దాకా చెప్పింది. మధ్యలో రెండుసార్లు గంజి తాగింది. నేను వంచిన గంజే, పలుచన.

అంతా అయ్యాక, ఉండబట్టలేక ఒక్కటి అడిగాను.

"ఇది ఓబులేసుకు చెప్పినావా?"

"వానికేంటికి చెప్తా?" అంది కళ్ళు తుడుచుకుంటూ. "నలభై ఏండ్లనుంచి నీకే కదా చెప్పల్లనుకుంటి."

తొమ్మిదో రోజు

మోత చెడిపోయినా తొమ్మిదో రోజు కూడు పోవాల్సిందే, కట్టుబాటు. బెల్లం లేదు కాబట్టి ఇవాళ రొట్టె, ఊరిబిండి పచ్చడి. అంతా పూర్తిగా చేరింది. గుమ్మంలో పెట్టి, "తిను ఓబులేసూ" అని వచ్చేశాను. వెనకనుంచి "అన్నా, బాగుండావా?" అని వినపడింది. వాడు అడగడమూ ఇదే మొదలు. "ఊఁ" అన్నాను.

అంతకుముందు పొద్దున చౌడమ్మ లేచి, నీళ్ళకు తానూ వస్తానంది. వరసలో ఎవరో, "మద్దిలేటన్నా, వరస పెద్దదుండాది, ఆ జాడీ కథ చెప్పరాదూ" అన్నారు. నేను చౌడమ్మను చూశాను. "ఆమెనడుగు. ఆమెకు సరిగ్గా తెలుసు" అన్నాను.

ఆమె చెప్పింది. నాలాగా చెప్పలేదు. జారుడు దగ్గర చాలా తొందరగా పోయింది, గాదె సంగతి ముందే చెప్పేసింది, నేనయితే దాచి పెట్టేవాణ్ణి. ఎవరూ నవ్వలేదు. చివర ఆమె చేతులు జోడిస్తే వరసలో కొంతమంది కూడా జోడించారు. చెప్తూ చెప్తూ ఒకసారి నలుగురి వెనకున్న ఓబులేసు వైపు చూసింది. చూసింది, నేను చూశాను, ఇక్కడ రాస్తున్నాను.

మా వంతు వచ్చింది. రెండు బిందెలు పట్టాను. రెండోదానికి మూత సరిగ్గా పట్టలేదు, దారిలో కొంచెం తొణికింది.